లారీ ఎక్కిన బొంత

అమ్మ అడిగినప్పుడు నేను నోటితో అబద్ధం చెప్పలేదు. తల ఊపాను, అంతే. పదకొండేళ్ళ పిల్లవాడు తల ఊపితే ఏం కొంప మునుగుతుందని ఆ తర్వాత చాలా ఏళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మునిగిన కొంప ఎవరిదో నాకు తెలుసు. తెలిసీ నలభై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, నాయనమ్మకు చెప్పలేదు, కట్టుకున్నదానికీ చెప్పలేదు.

మొన్న వేసవిలో బెంజ్ సర్కిల్ దగ్గర రెండు గదుల ఫ్లాటులోకి మారబోతూ గుణదలలోని అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు, అమ్మ పోయాక నేను ముట్టని ఒకే ఒక్క వస్తువు, అటక మీది ఆమె ట్రంకు పెట్టె దించి మూత ఎత్తేసరికి కలరా ఉండల వాసన గుప్పున ముఖానికి కొట్టింది. కళ్ళు మండి పక్కకు తిరిగాను గానీ చేతులు ఆగలేదు. ఏ పెట్టె తెరిచినా అడుగు కనిపించేదాకా నా చేతులు ఆగవు. అమ్మ పెట్టె కాబట్టి అందులో పెద్దగా ఏమీ లేదు. రెండు చీరలు, కళ్ళజోడు, నాన్న చేతిగడియారం, అడుగున మడత పెట్టిన పాత దుప్పటి. దాని మూలన, నల్లజీడి గింజను సూదితో గుచ్చి ఆ రసంతో పెట్టిన చాకలి గుర్తు ఉంది: మూడు చుక్కలు, వాటి కింద అడ్డగీత, గీత చివర చిన్న కొక్కెం. గుడ్డ పసుపెక్కి నలిగిపోయింది. గుర్తు మాత్రం నిన్న పెట్టినంత నల్లగా ఉంది.

నేను సామాను తక్కువ మనిషినని ఆఫీసులో పేరు. ఆరు చొక్కాలు, రెండు ప్యాంట్లు, ఒక జత చెప్పులు. మా ఇంటికి వచ్చినవాళ్ళు ఖాళీ గోడలూ ఖాళీ అలమరాలూ చూసి, ఎంత హాయిగా ఉందండీ, మాకూ నేర్పకూడదూ అంటారు. మా ఆవిడ ఆ మాటకు నవ్వి ఊరుకుంటుంది, ఆవిడకు తెలుసు అది హాయి కాదని. ఒక వస్తువు ఏడాది పాటు కదలకుండా ఒక్కచోట ఉంటే నాకు స్థిమితం ఉండదు, దాన్ని ఎవరికో ఇచ్చేయాలి, ఇచ్చేశాక మరోటి కనిపిస్తుంది. మెచ్చుకునేవాళ్ళు దాన్ని గుణం అనుకున్నారు. అది బెదురు. ఆ బెదురు ఎక్కడ మొదలైందో ఇప్పుడైనా రాయాలి.

డెబ్భైలలో మా గుణదల అంటే ఒక పక్క కొండ, ఒక పక్క ఏలూరు కాలవ, మధ్యలో పెంకుటిళ్ళ వీధులు. ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్ళకు కొండ దారంతా కొవ్వొత్తులూ కొబ్బరికాయలూ చెరుకు గడలూ నిండిపోయేవి. మేం వేరే చర్చి వాళ్ళమే అయినా పీచుమిఠాయి కోసం మూడు రోజులూ అక్కడే తిరిగేవాళ్ళం. ఎండాకాలం కాలవ కట్టేస్తే అడుగున మిగిలిన బురద గుంటల్లో జెల్ల చేపలు పట్టేవాళ్ళం. జూన్‌లో నీళ్ళు వదిలిన రోజు ఎర్రటి నురగ ముందూ, దాని వెనక కాలవ గట్టు మీద అరుచుకుంటూ మేమూ పరిగెత్తేవాళ్ళం. డిసెంబరు మాత్రం అమ్మది. క్రిస్మస్‌కు పదిహేను రోజుల ముందు, నాన్న ఆఫీసుకు వెళ్ళిన మరుక్షణం, అమ్మ కొంగు బిగించి ఇంటిని మొత్తం పెరట్లోకి తెచ్చేది.

అమ్మ కృష్ణ పాయల మధ్య లంక గ్రామంలో పుట్టిన మనిషి. వాళ్ళ ఊళ్ళో వరదొచ్చినప్పుడల్లా ఇల్లు వదిలి గట్టెక్కాలి. అందుకని, 'నెత్తిన పెట్టుకుని నడవగలిగిందే మనది, మిగిలింది కృష్ణమ్మది' అని వాళ్ళ నాన్న చెప్పేవాడట. పెళ్ళయి, వరద అన్నదే రాని వీధిలోకి వచ్చినా అమ్మకు ఆ లెక్క పోలేదు. నవారు మంచాలు, బియ్యం డబ్బాలు, ఊరగాయ జాడీలు, చిమ్నీ పగిలిన లాంతర్లు, నాన్న దాచుకున్న సైకిలు ట్యూబులు, ఎవరిదో తెలియని ఒంటి చెప్పు, అన్నీ ఎండలోకి వచ్చి పడేవి. ఇల్లు బోసిపోయి, మేం మాట్లాడితే మా మాటే మాకు తిరిగి వినపడేది. గాబులో సున్నం కుతకుత ఉడికేది, అందులో చిటికెడు నీలిమందు కలిపేవాళ్ళు, ఈత మట్ట నలగ్గొట్టిన కుంచెతో గోడలకు రెండు పూతలు వేసేవాళ్ళు. తడి సున్నం వాసన, వంటింట్లో అరిసెల పాకం వాసన, గులాబీ పువ్వులు వేగుతున్న నూనె వాసన ఒకదానిలో ఒకటి కలిసి, ఇప్పటికీ ఎక్కడైనా కొత్త గోడ పక్కన నిలబడితే నా నోరు ఊరుతుంది.

గోడలు ఆరేలోపు పెరట్లో అమ్మ తీర్పు జరిగేది. జామచెట్టు కింద పెట్టినవి మళ్ళీ ఇంట్లోకి వచ్చేవి. బావి దగ్గరవి ఉతుక్కో తోముడుకో. గేటు దగ్గర పెట్టినవి మావి కావు, సాయంత్రంలోగా అడిగినవాళ్ళవి. అమ్మ సూత్రం ఒక్కటే: ఏడాదిగా చెయ్యి పడని వస్తువు గడప తొక్కదు. ఆ రోజున నేనే అమ్మకు బంటుని. వస్తువు ఎత్తి చూపించడం, అమ్మ గడ్డం ఎటు తిప్పితే అటు పరుగెత్తడం నా పని. గేటు దగ్గర కుప్ప పెరుగుతుంటే నాకు పూనకం వచ్చినట్టుండేది. నిన్నటిదాకా ఇంట్లో పాతుకుపోయి ఉన్నది నా చేతిమీదుగా ఇల్లు దాటిపోతోందంటే, అదో అధికారం.

ఆ అధికారం చెల్లనిది ఒక్కచోటే. నాయనమ్మ బొంత. మా మేనత్త గ్రేసు పన్నెండేళ్ళకే జ్వరంతో పోయింది, నేను పుట్టక ముందు. ఆ పిల్ల లంగాలు చించి, ముక్కకు ముక్క అతికి, తాతయ్య పంచె వెనక అస్తరు వేసి, చీమల బారులాంటి కుట్టుతో నాయనమ్మ ఒక వానాకాలమంతా కూర్చుని ఆ బొంత కుట్టిందట. మధ్యలో చదరం ఆకాశనీలం, దాని మీద తెల్లటి చిన్న పూలు. దాన్ని ఎవరూ కప్పుకునేవాళ్ళు కాదు, నాయనమ్మ కూడా. అమ్మ సూత్రం ప్రకారం అది ఎప్పుడో గేటు దాటాలి. కానీ నాయనమ్మ ప్రతి డిసెంబరులోనూ ఆ ఒక్క రోజు బొంతను జామచెట్టు కింద పరిచి, కాళ్ళు బారజాపుకుని దాని మీద కూర్చునేది.

"ఇదిగో అమ్మాయ్, వాడేశాను. ఇంక వచ్చే ఏడు దాకా దీని జోలికి రాకు."

"మీరు కూర్చుంటే వాడినట్టా అత్తయ్యా?" అని అమ్మ నడుము మీద చెయ్యి పెట్టేది.

"మరి బొంతంటే ఏం చేస్తారే, వండుకు తింటారా?"

అమ్మ నవ్వేసి పోయేది. ఆ ఇంట్లో అమ్మ ఓడిపోవడానికి ఒప్పుకున్న వాదన అదొక్కటే.

ఇక సుబ్బులు. మా వీధిలో పదకొండు ఇళ్ళ బట్టలు ఆమే ఉతికేది. అప్పటికి పాతికేళ్ళు ఉంటాయేమో, పొడుగ్గా, నల్లగా, ఎప్పుడూ చెంగు నడుముకు దోపుకుని ఉండేది. చదువు లేదు. ఏ ఇంటి గుడ్డ ఏదో గుర్తును బట్టి చెప్పేది. చుక్కలూ గీతలూ ఇంటికో రకం, చివర కొక్కెం మాత్రం అన్నిటికీ ఒకటే, అది సుబ్బులు చెయ్యి. కాలవ రేవులో ఆమె బండ మీద బట్ట కొడితే ఆ చప్పుడు మా బళ్ళో ఎక్కాలకు తాళంలా వినిపించేది. దీపాలవేళ గిన్నె పట్టుకుని పెరటి గుమ్మాల దగ్గరికి వచ్చేది. ప్రతి ఇంటివాళ్ళూ అన్నం, ఉన్న కూర వేసేవాళ్ళు. చేపల పులుసూ గోంగూరా వంకాయా అన్నీ ఒక్క గిన్నెలో కలిసిపోతే, ఏ ఇంటి వంకాయలో ఉప్పెక్కువైందో మర్నాడు నవ్వుతూ చెప్పేది. మేం పిల్లలం కూడా ఆమెను 'సుబ్బులూ, రావే' అనే పిలిచేవాళ్ళం. అది తప్పని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ ఎవరినీ అడగలేదు.

నేను ఆరో తరగతిలో ఉండగా, ఆ నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచింది. మా ఊళ్ళో ఆ సాయంత్రం గాలికి పెంకులు లేచిపోయాయి, కొబ్బరి మట్టలు వీధి నిండా పడ్డాయి. మా మటుకు అంతే అనుకున్నాం. తర్వాత రేడియోలో, ఆ వైపునుంచి వచ్చినవాళ్ళ నోట వార్తలు తెలుస్తుంటే, అమ్మ రెండు రోజులు వంటింట్లో నిలబడే ఏడ్చింది. అమ్మవాళ్ళ లంక ఎగువన ఉంది కాబట్టి బతికిపోయింది. అయినా నీళ్ళు ఇల్లు దాటిన చప్పుడు అమ్మకు తెలుసు. ఆ ఏడు డిసెంబరు దాకా ఆగలేదు. ఆ ఏడుపు ఆగిన మర్నాడే ఇల్లంతా పెరట్లోకి వచ్చింది, సున్నం లేదు, అరిసెల్లేవు. అమ్మ తన పెళ్ళి చీరలు రెండూ, నాన్న కోటూ తనే మడత పెట్టి గేటు దగ్గర పెట్టింది.

మా బళ్ళో కూడా బట్టలు పోగు చేస్తున్నారు. శనివారం మధ్యాహ్నం లారీ వస్తుందనీ, రెండు చేతులా వాటేసుకున్నా వేళ్ళు కలవనంత మూట తెచ్చినవాడు ఆ లారీ మీద ఎక్కి మూటలు సర్దుతూ వంతెన దాకా రావచ్చనీ డ్రిల్లు మాస్టారు చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. దివిసీమలో జనం ఏమయ్యారన్నది కాదు నా మనసులో ఉన్నది. లారీ. లారీ మీద, మూటల మీద, అందరికంటే ఎత్తున నేను. మా వీధి గుండా వెళ్తుందా, లేకపోతే కాలవ గట్టు మీదుగా వెళ్తుందా అని రోజంతా అదే.

శనివారం పొద్దున అమ్మ ఇచ్చినవన్నీ దుప్పటిలో వేసి మూట కట్టి వాటేసుకుని చూశాను. వేళ్ళు కలిశాయి. విప్పి, వదులుగా మడత పెట్టి, మళ్ళీ కట్టాను. కలిశాయి. ఒక్క జానెడు తేడా. అమ్మ ఇంట్లో సుబ్బులుకు ఉతకడానికి వేయవలసినవి ఏరుతోంది. గుడ్డలు ఎలాగూ బయటపడ్డాయి కదా అని ఆ రోజే ఆమెకు పెద్ద మూట, రెండు వాడుక బొంతలతో సహా, అప్పగించాలని అమ్మ ఆలోచన, ఆ మూట కట్టే పని కూడా నాదే. నాయనమ్మ జామచెట్టు కింద తన బొంత మీద కాసేపు కూర్చుని, మందు వేసుకోవడానికి లోపలికి వెళ్ళింది. బొంత అక్కడే ఉంది, ఎండకు వెచ్చగా, మధ్యలో ఆకాశనీలం.

నాకు తెలియక చేశానని రాయడం తేలిక. తెలుసు. నీలం ముక్క లోపలికి పోయేలా బొంతను మడత పెట్టాను, అంటే తెలుసన్నమాటే కదా. ఏడాదిగా చెయ్యి పడని వస్తువు గడప తొక్కదు అని అమ్మ సూత్రం పైకే అనుకున్నాను కూడా. మూటలో పెట్టి కట్టి వాటేసుకుంటే వేళ్ళు కలవలేదు. ఆ తర్వాత సుబ్బులు వస్తే, అమ్మ ఏరినవి ఆమె ఎదుటే మూట కట్టి పంపేశాను. బడికి ఎలా మోసుకెళ్ళానో గుర్తు లేదు. లారీ మాత్రం బాగా గుర్తుంది. బల్లలకు పట్టిన వరి పొట్టు, టార్పాలిన్ వాసన, కింద నిలబడి తలెత్తి నన్ను చూస్తున్న మా తరగతి మొత్తం. వంతెన దగ్గర నన్ను దించేసి లారీ వెళ్ళిపోతుంటే మూటల్లో నాది ఏదో గుర్తుపట్టడానికి ప్రయత్నించాను. అన్నీ ఒకేలా ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి నాయనమ్మ పెరట్లో మంచాల కింద వంగి వంగి చూస్తోంది. అరవలేదు, ఏడవలేదు. ఎత్తిన వస్తువునే మళ్ళీ ఎత్తి చూస్తోంది. అమ్మ నా దగ్గరికొచ్చి అడిగింది: "నాయనమ్మ బొంత కూడా సుబ్బులు మూటలో పడేశావా ఏంట్రా?"

అప్పుడు తల ఊపాను.

అది చాలా తేలికైన జవాబు. సుబ్బులు రెండు మూడు రోజుల్లో వస్తుంది, బొంత దొరకదు, ఏదో అవుతుంది, ఆ ఏదో అప్పటికి చూసుకోవచ్చు. మంగళవారం సుబ్బులు మూట తెచ్చి అరుగు మీద విప్పింది. రెండు బొంతలు, మూడోది లేదు.

"నాకు వేసింది రెండేనమ్మగారూ. నీలప్పూల బొంత నాకు తెలీదా, పెద్దమ్మగారు కూర్చునేది? అది రేవుకు రాలేదు."

"పిల్లాడు తనే వేశానంటున్నాడు కదే."

సుబ్బులు నా వైపు తిరిగింది. ఆమె చేతులు నీళ్ళలో నాని తెల్లగా ముడుతలు పడి ఉన్నాయి. "బాబూ, మూట కట్టింది నువ్వేగా. నా కళ్ళెదుటేగా. చెప్పు బాబూ, ఎన్ని వేశావు?"

నేను అరుగు స్తంభానికి ఉన్న పాత సున్నం గోటితో గీకుతున్నాను. పెచ్చు ఊడి కింద పడింది. ఇంకో పెచ్చు గీకాను. అమ్మా సుబ్బులూ ఇద్దరూ ఆగారు, నా కోసం ఆగారు. ఆ తర్వాత అమ్మ, "సర్లే వెళ్ళు," అంది. నాతోనో, సుబ్బులుతోనో.

"అది తియ్యదే అమ్మాయ్," అని లోపలినుంచి నాయనమ్మ అంది.

"మరి రెక్కలొచ్చి ఎగిరిపోయిందా అత్తయ్యా?"

అమ్మ సుబ్బులును పనిలోంచి తీసేయలేదు. ఒక్క కఠినమైన మాట అనలేదు. అమ్మ చేసింది అంతకంటే మంచి పని అని అమ్మ నమ్మకం. గురువారం మధ్యాహ్నం మా చర్చి ఆడవాళ్ళు ఒక్కోవారం ఒక్కో ఇంట్లో కూడుకునేవాళ్ళు. చాపలు పరిచి పాటలు పాడి, చివర్లో ఒక్కొక్కరూ తమ ప్రార్థన మనవి చెప్పేవాళ్ళు, కొడుకు ఉద్యోగం, కూతురి కాన్పు, మోకాళ్ళ నొప్పి. ఆ వారం మా ఇంట్లోనే. నేను పక్కగదిలో ఉన్నాను. అమ్మ గొంతు స్పష్టంగా వినపడింది: "మా అత్తగారి బొంత ఉతకడానికి వేస్తే తిరిగి రాలేదు. సుబ్బులు మంచిదే, ఏ అవసరంలో తీసిందో. దేవుడు దాని మనసు మార్చాలని ప్రార్థించండమ్మా." అందరూ కళ్ళు మూసుకుని సుబ్బులు పేరు పెట్టి ప్రార్థన చేశారు. నిజంగా, ప్రేమగానే చేశారు. తలుపు సందులోంచి చూస్తున్నాను, ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

క్రిస్మస్ నాటికి మా వీధిలో సుబ్బులుకు మా ఇల్లు కాక మూడు ఇళ్ళు మిగిలాయి. ఎవరూ ఆమెను దొంగ అనలేదు. ఎవరో కొత్త లాండ్రీ పెట్టారని ఒకరు, ఇంట్లోనే ఉతుక్కుంటున్నామని ఒకరు, మెల్లగా మానుకున్నారు. కొత్త సంవత్సరం వచ్చాక మా ఇంటికీ ఆ మూడు ఇళ్ళకూ కూడా ఆమె రాలేదు. రేవులో ఆ బండ చప్పుడు ఆగిపోయింది. దీపాలవేళకు పెరటి గుమ్మం దగ్గర ఎవరూ నిలబడేవాళ్ళు కాదు. అమ్మ అలవాటు కొద్దీ ఒక పిడికెడు బియ్యం ఎక్కువే పోసి, మర్నాడు చద్దన్నం తనే తినేది. మా ఇంటి బట్టలు అమ్మే ఉతికేది, బొంతలు పిండేటప్పుడు నన్ను రెండో కొస పట్టుకోమనేది. నేను పట్టుకుని పిండుతూ అమ్మ ముఖంలోకి చూసేవాణ్ణి కాదు. ఆదివారం బడిలో పది ఆజ్ఞలు వరసగా అప్పజెప్పేటప్పుడు, దొంగతనం, అబద్ధ సాక్ష్యం వద్దన్న రెండింటి దగ్గర గొంతు తడబడితే టీచరమ్మ జలుబనుకుంది.

నాయనమ్మ ఆ తర్వాత రెండు డిసెంబర్లు చూసింది. జామచెట్టు కింద ఉత్త నేల మీద కూర్చునేది, పక్కన ఖాళీగా కొంచెం చోటు వదిలి. ఆవిడ పోయింది, నాన్న పోయాడు, ఆరేళ్ళ కిందట అమ్మా పోయింది. చెప్పడానికి ప్రతిసారీ ఒక మనిషి తగ్గుతుంటే, చెప్పకపోవడానికి ఒక కారణం పెరిగేది. నేను మాత్రం వస్తువులు పంచేస్తూనే ఉన్నాను.

ఆ దుప్పటిని కూడా అలాగే పాత గుడ్డల్లో పడేసి, కొత్త ఫ్లాటు గేటు దగ్గర ఇస్త్రీ బండి ఈశ్వర్‌కు ఇచ్చాను, మసిగుడ్డగానైనా పనికొస్తుందని. అతను దాన్ని బండి మీద పరిచి, మూల చేతిలోకి తీసుకుని, ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేశాడు.

"ఇది మా అమ్మ గుర్తండీ సార్."

"ఏ అమ్మ?"

"మా అమ్మేనండీ, సుబ్బులు. ఈ కొక్కెం ఇంకెవరూ పెట్టరు. మీది గుణదలా సార్?"

అవునన్నాను. ఆమె ఇప్పుడు తనతోనే ఉంటోందని చెప్పాడు. మర్నాడు చూడటానికి వస్తానన్నాను, మర్నాడు వెళ్ళలేదు. ఫ్లాటులో ఉన్న ఒక్క అలమరా మూడుసార్లు సర్దాను. వారం తిరిగాక, ఇంక ఖాళీ చేయడానికి ఏమీ లేక వెళ్ళాను.

ఒక్క గది. గోడకు తగిలించిన రెండు చీరలు, ఒక మంచం, గ్యాసు పొయ్యి. ఈ గదికంటే నా ఫ్లాటులోనే సామాను ఎక్కువ అని నాకు సిగ్గేసింది. సుబ్బులు మంచం మీద కూర్చుని కాళ్ళు ఊపుతోంది. జుట్టంతా నెరిసింది, చేతులు అవే. ఏమని పిలవాలో తెలియక ఏమీ పిలవకుండానే మొదలుపెట్టాను. లారీ, జానెడు తేడా, నీలం ముక్క, సున్నం పెచ్చు, అన్నీ చెప్పాను.

"లారీ ఎక్కిందన్నమాట," అంది చివరికి. "నేనింకా ఎలకలు లాక్కుపోయాయేమో అనుకున్నా. పోనీలే, ఎవరికో వెచ్చగా ఉండుంటది."

కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. తొందరపడ్డాను.

"గవర్నర్‌పేట లాడ్జీలకు ఉతికాను బాబూ, పాతికేళ్ళు. అన్నీ తెల్ల దుప్పట్లే. గుర్తు పెట్టే పని కూడా లేదు, ఎవడి దుప్పటి ఎవడిదైతే ఏంటి. సాయంత్రం అన్నం పెట్టే గుమ్మం లేదు. ఈశ్వర్‌ని వీపున కట్టుకుని మేడ మెట్లెక్కేదాన్ని." ఆమె కాళ్ళు ఊపడం ఆపింది. "దొంగ అన్నారని కాదు. మొహమ్మీద అనుంటే నేనూ నాలుగు అందును, తీరిపోయేది. మీరు నాకోసం ప్రార్థన చేశారంట. దానికేం బదులు చెప్తాం బాబూ?"

నేను క్షమించమని అనబోయాను. చెయ్యి అడ్డంపెట్టింది.

"నాకు చెప్తే ఏంటి లాభం, నేను తియ్యలేదని నాకు తెలుసుగా. అది ఎవరి చెవుల్లో పడిందో వాళ్ళకు చెప్పండి."

"వాళ్ళంతా ఎక్కడున్నారు? చాలామంది పోయారు."

"ముగ్గురున్నారు," అంది తడుముకోకుండా. "పోస్టుమాస్టరు గారి భార్య, కుట్టుమిషనామె, పాటలు పాడే ఆమె. ఆ మూడిళ్ళ వాళ్ళే కదా నన్ను ఆఖరిదాకా ఉంచింది. ముగ్గురు చాలు."

నేను పుట్టి పెరిగిన వీధిలో ఎవరు బతికున్నారో నాకంటే ఆమెకే తెలుసు.

ఆ వీధి ఇప్పుడు లేదు. పెంకుటిళ్ళ చోట అపార్ట్‌మెంట్లు లేచాయి, రేవులో బండలు కాలవ గోడలో కలిసిపోయాయి, జామచెట్టు చోట కార్లు నిలబడతాయి, బట్టలు ప్రతి ఇంట్లో మిషన్లో తిరుగుతున్నాయి, వాటికి ఎవరి గుర్తూ అక్కర్లేదు. చర్చి మాత్రం అక్కడే ఉంది, గోడలకు టైల్సు వేశారు. మొన్న ఆదివారం సాక్ష్యాల వేళ, మేలు పొందినవాళ్ళు లేచి చెప్పండి అని పాస్టరు గారు అడిగినప్పుడు లేచాను. ముందు వరసలో ముగ్గురు ముసలమ్మలు కుర్చీల్లో ఉన్నారు, ముందురోజు ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి తప్పకుండా రమ్మని చెప్పి వచ్చాను. గుమ్మం పక్కన, లోపలికి రమ్మన్నా రాకుండా, గంజి పెట్టిన చీరలో సుబ్బులు, ఆమె వెనక ఈశ్వర్. నాకు మేలు జరగలేదనీ, నేను కీడు చేశాననీ మొదలుపెట్టి, ఇక్కడ రాసినదంతా చెప్పాను. మైకు పట్టుకోని చెయ్యి ఏదో గీకడానికి వెతుక్కుంటోంది, అక్కడ పెచ్చులూడే సున్నం లేదు. పోస్టుమాస్టరు గారి భార్య వినపడక, ఏమంటున్నాడే అని పక్కావిణ్ణి గట్టిగా అడిగింది. అందుకని చివరి మాటలు రెండోసారి, ఇంకా గట్టిగా, గుమ్మం వైపు తిరిగి చెప్పాను:

"సుబ్బులు గారూ, ఆ బొంత మీరు తియ్యలేదు. నేనే ఇచ్చేశాను. మీరు అడిగిన రోజున నోరు విప్పలేదు. మా అమ్మ ఇక్కడివాళ్ళకు మీ గురించి చెప్పిన మాట, మా అమ్మ తరఫున, నా తరఫున, వెనక్కి తీసుకుంటున్నాను. నన్ను క్షమించండి."